చెక్క కింద నిప్పు

నేను నేలలు వేస్తాను. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, వాటికి వారంటీ లేదు. నేను వేసిన నేలకు మాత్రం రెండేళ్ళుంటుంది, అదీ నేను చెప్పినట్టు వింటే. ఎవరూ వినరు. చెక్క రంగు చూడటానికి పెళ్ళిచూపుల్లో కూడా పెట్టనంత శ్రద్ధ పెడతారు, దాని కింద ఏముందో అడగరు.

కింద ఉండేవి వేడినీళ్ళ గొట్టాలు. మా వొన్‌జు ఊళ్ళో నవంబరు దాటాక నేల వెచ్చగా లేని ఇంట్లో కుక్క కూడా పడుకోదు. గొట్టాల మీద సిమెంటు, సిమెంటు మీద జిగురు, జిగురు మీద చెక్క. చెక్కకేమో వేడి గిట్టదు. ఎండిపోతుంది, ముడుచుకుంటుంది, పలకకూ పలకకూ మధ్య సందు వస్తుంది. ఒకదానికొకటి పడని రెండింటిని తెచ్చి అతికించడమే నా బతుకు. పెళ్ళిళ్ళ పేరయ్య చేసేదీ అదే, కాకపోతే సందు వచ్చిందని అతన్ని ఎవరూ పిలవరు.

నాన్హీ నన్ను పిలిచింది అక్టోబరులో. యాభై దాటిన మనిషి, స్టేషన్ రోడ్డులో మందుల షాపు నడుపుతుంది. ఒంటరిది. పాత అపార్ట్‌మెంటు ఒకటి కొనుక్కుంది. వాళ్ళమ్మ తాక్ బున్‌యేకి వేసవిలో తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు గానీ ఇక జోంగ్‌సన్ కొండల్లో తన ఇంటి మెట్లెక్కి దిగడం ఆవిడ వల్ల కాదన్నారు. అందుకని కూతురు తీసుకొచ్చేసింది.

నేను వెళ్ళేసరికి అవ్వ వంటింట్లో, సింకు ముందు నేల మీద చతికిలబడి ఉంది. ఇంట్లో గొట్టాలన్నీ వచ్చి కలిసేది అక్కడే, అందుకని అక్కడ వేడి ఎక్కువ. నాకు ఆ సంగతి తెలియాలంటే నక్షా కావాలి. ఆవిడకు కూర్చుంటే తెలిసింది.

"అమ్మా, లేచి గదిలో కూర్చోవే. మేస్త్రీగారు కొలతలు తీసుకోవాలి," అంది నాన్హీ.

"ఆయనకు కాళ్ళున్నై గదా, చుట్టూ తిరిగొస్తాడు. వెచ్చటి చోటుకి కాళ్ళున్నయ్యా, నా ఎనకాల రాటానికి?"

చుట్టూ తిరిగే కొలతలు తీసుకున్నాను. తర్వాత మూడు చెక్క ముక్కలు తీసి నేల మీద పరిచాను.

"ఇది చూడండి మేడమ్. కింద ప్లైవుడ్, పైన ఫిల్మ్. చూడ్డానికి చెక్క, గుణానికి గాడిద. ఎంత వేడి పెట్టినా కిక్కురుమనకుండా మోస్తుంది. ఈ రెండోదానికి పైన కాగితమంత మందాన అసలు చెక్క ఉంటుంది. గాడిదే గానీ కాస్త మంచి ఇంట్లో పుట్టింది. ఈ మూడోది జానెడు వెడల్పు ఓక్ పలక, పైపొర నాలుగు మిల్లీమీటర్లు. ఇది జమీందారు గారి పెళ్ళాం. తడి తగిలితే ఉబ్బుతుంది, వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే అలుగుతుంది."

"అదే వెయ్యండి."

"ఏది?"

"జమీందారు గారి పెళ్ళాం."

ఇలాంటప్పుడు నేను ఒకసారి చెప్తాను, రెండోసారి చెప్తాను, మూడోసారి బయానా తీసుకుంటాను. "హాల్లో వేసుకోండి, కాదనను. అవ్వ పడుకునే గదిలో మాత్రం గాడిదను వేయించండి. పెద్దవాళ్ళు నడుం కాల్చుకోనిదే నిద్రపోరు," అన్నాను.

నాన్హీ ముఖం ఎర్రబడింది. "మా అమ్మ తొమ్మిదో ఏట నుంచి నిజంగానే ఒక జమీందారింట్లో పనిచేసింది మేస్త్రీగారూ. వాళ్ళ చెక్క సావిడి రోజుకు రెండుసార్లు మోకాళ్ళ మీద తుడిచేది. ఒక్కరోజు కూడా దాని మీద కూర్చోనివ్వలేదట. ఇప్పుడు ఆవిడ అసలైన చెక్క మీద కూర్చోవాలి. ఫిల్మ్ మీద కాదు."

"దాని మీద కూర్చోవాలని నేనెప్పుడన్నానే?" అంది అవ్వ. "మంచుగడ్డలాగుండేది ఆ సావిడి. చేతులు పగిలి నెత్తురొచ్చేది. ఆ ఇంటోళ్ళయినా చలికాలం దాని మీద కూర్చుంటేనా? లోపల నేల మీద నూనె కాగితం పరిచిన గదిలో, పొయ్యి పక్కన వెచ్చగా కూర్చునేవాళ్ళు. ఇప్పటోళ్ళేమో చెక్క కింద నిప్పు పెడతన్నారు. చెక్క పొయ్యిలో పెట్టేది గదయ్యా?"

"నిప్పు కాదవ్వా, గ్యాసు," అన్నాను.

"గ్యాసు కాల్చదా?"

"కాలుస్తుంది."

"మరింకేం."

నాన్హీ పండ్లు కోసుకురావడానికి లేచినప్పుడు అవ్వ గొంతు తగ్గించింది. "ఈ చలికాలం ఒక్కటీ చూస్తానని దానికి మాటిచ్చా నాయనా. ఒంటికి పడిందా, ఉంటా. లేదా, మా కొండ కింద ముసలోళ్ళుండే ఇల్లొకటుంది, పేరు రాయించొచ్చా. పొద్దున పోయి పొద్దుపోయాక వచ్చే పిల్ల. దానికి నేనొక పనెందుకు?"

ఆ మాట కూతురికీ తెలుసు. నన్ను లిఫ్టు దాకా సాగనంపుతూ, "ఈ ఇల్లు నచ్చితే అమ్మ ఉండిపోతుంది. నాకింకెవరూ లేరు మేస్త్రీగారూ. అంతా మీ చేతిలో ఉంది," అంది.

నా చేతిలో కాదు, గోడ మీద నీళ్ళు కాచే బాయిలర్ మీటలో ఉంది అన్నాను. అప్పటికే లిఫ్టు తలుపు మూసుకుంది.

నవంబరు మొదటి వారంలో పని చేశాను. పాత ప్లాస్టిక్ నేల పీకి, సిమెంటు గీకి, తడి మీటరు పెట్టి చూస్తే బాగా ఎండి ఉంది. బాయిలర్ కట్టేసి ఐదు రోజులు జిగురూ చెక్కా పట్టాను. ఆ ఐదు రోజులూ అవ్వ వీధి చివర ఆవిరి స్నానాల ఇంట్లో, మట్టి గదిలో పడుకుని గులాబీ రంగుకు తిరిగింది. ఆఖరి రోజు ఫ్లాస్కులో ఎండుచేపల పులుసు పట్టుకొచ్చింది. మూత తీస్తే ఇంకా కుతకుతమంటోంది. ఒక గుక్క తాగేసరికి నాలుక నుంచి పొట్ట దాకా దారంతా కాలింది.

"అబ్బ, చల్లగా ఉందవ్వా!" అన్నాను.

మా వాళ్ళంతా అంతే. మరిగే పులుసు దిగినా, సలసల కాగే తొట్టిలో మెడదాకా మునిగినా చల్లగా ఉందనే అంటాం. కాలేది ఒంటికి, చల్లగా ఉండేది ప్రాణానికి. అవ్వకు ఆ మాటతో నా మీద గురి కుదిరింది.

వెళ్ళేముందు తల్లీకూతుళ్ళను నిలబెట్టి గొంతు పోయేలా చెప్పాను. వేడి ఇరవై ఎనిమిది దాటనివ్వద్దు. పొద్దున లేవగానే పక్క మడిచి బీరువాలో పెట్టాలి. పరుపు పరిచే ఉంచితే వేడి పోయే దారి లేక కింద చెక్క ఉడికిపోతుంది. ఇద్దరూ తలూపారు. తలూపడంలో మా దేశంలో ఎవరికీ వంక పెట్టలేం.

జనవరి మధ్యలో ఫోనొచ్చింది. "మేస్త్రీగారూ, అమ్మ గదిలో నేల నోరు తెరిచింది."

పదకొండింటికి వెళ్ళాను. నాన్హీ షాపులో ఉంది, మధ్యాహ్నం గంటసేపు కట్టేసి వస్తానంది. అవ్వ తలుపు తీసింది. హాల్లో ఓక్ పలకలు నేను వేసినట్టే ఉన్నాయి, చూస్తే నాకే ముచ్చటేసింది. అవ్వ గదిలో అడుగుపెట్టేసరికి మేజోళ్ళలోంచి అరికాళ్ళు చురుక్కుమన్నాయి. గది మధ్యలో మందపాటి పరుపు, దాని మీద దుప్పటి, రెండూ పరిచే ఉన్నాయి. తలుపు పక్కన గులాబీరంగు గుడ్డలో కట్టిన మూట ఉంది.

"ఎక్కడికవ్వా ప్రయాణం?"

"కొండ కిందకి. ఎల్లుండి బస్సు. దానికింకా చెప్పలేదు, నువ్వు చెప్పబాక."

ఫిర్యాదు కాగితం పక్కన పెట్టి పరుపు ఎత్తబోతే అవ్వ దాని మీద కూర్చుంది.

"చెక్కకు పురుగు పట్టిందని రాయి నాయనా."

"పట్టలేదవ్వా."

"తడుందని రాయి."

"నేనే మీటరు పెట్టి చూశాను."

"అయితే నువ్వే సరిగ్గా అతికించలేదని రాయి."

"ఇరవయ్యారేళ్ళుగా అతికిస్తున్నానవ్వా."

అవ్వ కాసేపు ఆలోచించింది. "ఇరవయ్యారేళ్ళ మీద ఒక్కసారి మర్చిపోయావంటే ఎవరేమనుకుంటారయ్యా? పెద్దోడివైపోతున్నావు."

"మనుషుల మీదైతే ఎన్ని అబద్ధాలైనా రాస్తాను. చెక్క మీద రాయలేను. లేవండి."

లేచింది. పరుపు మడిచాను. సెగ ముఖానికి కొట్టింది. పరుపు ఎంత ఉందో అంత మేర ఓక్ గోధుమరంగు పోయి నల్లబడింది, అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. పలకల మధ్య సందుల్లో నాణెం నిలబడుతోంది. ఒక మూల, దిండు ఉండే వైపు, గిన్నె అడుగంత గుండ్రటి మచ్చ ఉంది. అది మరీ నల్లగా, బొగ్గులా ఉంది. పరుపు మడతలో తువ్వాలు చుట్టిన మూత గిన్నె ఒకటి దొరికింది. పట్టుకుంటే వేళ్ళు కాలాయి.

"ఇదేమిటవ్వా?"

"అన్నం."

"ఎవరికి?"

"ఎవరికేంది, దానికి. అది తిండికి వచ్చేసరికి పదవుద్ది."

"కరెంటు కుక్కర్ ఉందిగా! దానంతటదే వెచ్చగా ఉంచుతుంది."

"ఉంచుద్ది. ఆరు గంటలుంచితే ఆ అన్నం పాత గొంగళి కంపు కొడద్ది. ఇట్టా పరుపు కింద పెడితే అప్పుడే దించినట్టుంటది. నా మొగుడికీ ఇట్టానే పెట్టా, ఇది బళ్ళోంచి వచ్చేదాకా దీనికీ ఇట్టానే పెట్టా." తలుపు వైపు చూసి, "కుక్కర్లోదే అని చెప్తన్నా. పరుపు తీయట్లేదని తెలిస్తే అరుస్తది," అంది.

అప్పుడే నాన్హీ వచ్చింది. తెల్లకోటు మీద చలికోటు వేసుకుని, ఆయాసపడుతూ గడపలో నిలబడి నేలకేసి చూసింది. అరవలేదు. అవ్వ ఆమె ముఖం చూడకుండా గోడ వైపు తిరిగింది.

నేను గోడ మీద ఆ గది మీట చూశాను. నలభై ఒకటి.

"ఎవరు పెట్టారిది?"

"నేనే. షాపులోంచి, ఫోన్లో."

"ఇరవై ఎనిమిదన్నాను."

"తెలుసు. ఇరవై ఎనిమిది దాటిన రోజు నుంచి రోజూ భయపడుతూనే పెంచాను. అమ్మకు చలేస్తుంటే ఏం చెయ్యమంటారు? చెక్క కోసం ఆవిడను చలిలో పడుకోబెట్టనా?"

"నాకు చలేసిందని నీకెవరు చెప్పారే?" అంది అవ్వ, గోడ వైపు నుంచే.

"నువ్వే కదమ్మా! రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి నేలెలా ఉందమ్మా అంటే ఏమనేదానివి? చల్లగా ఉందే తల్లీ, నడుం చల్లగా ఉందే అనలేదా?"

"అన్నా. చల్లగానే ఉంది మరి."

నేను మనసులో లెక్క కట్టుకున్నాను. కూతురు నేలెలా ఉందంటుంది, తల్లి హాయిగా ఉందని చెప్తుంది, కూతురు అయ్యో చలి అని ఒక గీత పెంచుతుంది. మర్నాడు ఇంకా వెచ్చగా ఉండేసరికి తల్లి ఇంకా చల్లగా ఉందంటుంది. రెండు నెలల పాటు ఇద్దరూ ఒకరినొకరు ముద్దు చేసుకున్నారు. మధ్యలో నా ఓక్ చచ్చింది.

"ఇదెక్కడి మాటే పిల్లా," అంది అవ్వ. "నలభైకి పోయాక నాకూ కాలతానే ఉంది. రాత్రంతా ఇటూ అటూ పొర్లాడతన్నా. నువ్వు అడక్కుండానే పెట్టావు గదా, నీ మనసెందుకు చిన్నబుచ్చాలని ఓర్చుకున్నా."

నాన్హీ గడపలోనే కూర్చుంది. "గదిలో ఉండి వింటే తెలిసేది. ఫోన్లో ముఖం కనపడదు. షాపులో పదిమంది నిలబడి ఉంటారు, నేను మాట వినేసి మీట నొక్కేసేదాన్ని." ఆమె చూపు మూలకు పోయింది. "ఆ గుండ్రటి మచ్చేంటి?"

నేనే చెప్పాను. "అన్నం మేడమ్. మీదే."

"కుక్కర్లోదన్నావు కదమ్మా!"

"కుక్కర్లో వండిందేగా," అంది అవ్వ.

నాన్హీ మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి ఆ నల్లటి వలయం చుట్టూ వేలు తిప్పింది. ఏడ్చింది. నాకు చూడ్డం ఇష్టం లేక తడి మీటరు తీసి, ఎండి బొగ్గయిన చెక్కకు తడి కొలిచాను. సున్నా చూపించింది.

"నేనీ గదిలో ఒక్కసారి కూడా కూర్చోలేదు మేస్త్రీగారూ," అంది నాన్హీ. "రాగానే తలుపు కొంచెం తీసి, అమ్మ ఉందని చూసి వేసేదాన్ని. తనే లేచొచ్చి బల్ల మీద అన్నం పెట్టేది. తినేసి పడుకునేదాన్ని. మీరు రాకముందే ఏ చెక్కో చూడ్డానికి నెల తిరిగాను నేను. ఇక్కడ కూర్చోవడానికి ఒక్క పూట దొరకలేదు."

"ఊరుకోవే. నీ షాపు నీకుంది." అవ్వ మూట వైపు చూసింది. "అందుకే నేను ఎల్లుండి పోతన్నా. ఇంకో నెలుంటే ఇల్లంతా కాలుస్తా. ఇంత పెట్టి వేయించుకున్నావు. చెక్క మీద కూర్చునే మనిషిని కాదు నేను, తుడిచేదాన్నే."

నాన్హీకి అప్పుడే ఆ మూట కనపడింది. ముఖంలో నెత్తురు లేదు.

నా దగ్గరున్న ఆ ఫిర్యాదు కాగితం కంపెనీది. అన్నీ నింపాను. చివర కారణం రాయాలి. ఇలాంటివాటికి అచ్చేసిన మాట ఒకటుంది, దాని పక్కన టిక్కు పెడితే చాలు, కంపెనీకి బాధ్యత ఉండదు. వాడేవారి నిర్లక్ష్యం. వందసార్లు పెట్టి ఉంటాను. ఈసారి చెయ్యి రాలేదు. ఇంత లక్ష్యపెట్టి నేలను కాల్చినవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"పలకలు పీకేసి గాడిదను వేద్దాం మేడమ్," అన్నాను. "లేదంటే అవ్వకు అలవాటైన నూనె కాగితమే పరుద్దాం. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ అవ్వ ఈ గది ఖాళీ చేసి ఎక్కడన్నా ఉండాలి."

"వద్దు," అంది నాన్హీ. "ఈ గదిలోంచి కదిలితే ఆవిడ ఇక రాదు. నాకు తెలుసు. ఒక్క పలక కూడా తియ్యకండి."

"ఇలాగే వదిలేస్తే సందులు పెరుగుతాయి."

"పెరగనీండి. అమ్మా, నీకెంత ఉంటే బాగుంటుంది? చల్లగా గిల్లగా అనకు. సరిగ్గా చెప్పు."

అవ్వ నా వైపు చూసింది, చెక్క తరఫు వకీలును నేనే అన్నట్టు. నేను కిటికీ వైపు చూశాను.

"ఎర్ర చిక్కుళ్ళ గంజి తాగాం చూడు, ఆ రోజు బాగుండింది," అంది చివరికి.

నాన్హీ ఫోన్ తీసి వెనక్కి లెక్క చూసింది. డిసెంబరులో ఆ గంజి పండగ రోజున ముప్పై నాలుగు. "ముప్పై నాలుగు పెట్టండి మేస్త్రీగారూ."

ఇరవయ్యారేళ్ళలో ఏ ఇంట్లోనూ నా చేత్తో అంత పెట్టలేదు. పెట్టాను.

నాన్హీ చలికోటు విప్పి, పరుపు మళ్ళీ తనే పరిచి, దుప్పటి కింద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "షాపు తెరవడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఆ గిన్నె ఇలా ఇవ్వు."

"అది రాత్రికి కదే."

"రాత్రికి మళ్ళీ పెట్టు."

తువ్వాలు విప్పి మూత తీసింది. ఆవిరి లేచింది. వట్టి అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"కూర లేకుండా ఎట్టా తింటావే, గొంతు పట్టుకుంటది," అని విసుక్కుంటూ అవ్వ కుంటుకుంటూ వెళ్ళి, మూట ముడి విప్పింది. బట్టలన్నీ తీసి పక్కన పడేసి, అడుగున సర్దుకున్న, ఉప్పులో ఊరేసిన ఆకుల సీసా పైకి తీసింది. పరుపు మీద కూతురి పక్కన కూర్చుని, ఒక్కో ఆకూ విడదీసి అన్నం మీద పెట్టసాగింది.

నన్ను కూడా తినమంది. కూర్చున్నాను. పరుపు కింద ఎక్కడో ఒక పలక టక్కుమంది. ముగ్గురం విన్నాం. ఎవరమూ అటు చూడలేదు.